కార్చిచ్చుకు కట్టిన గట్టు: భారత అడవుల్లో అగ్నిరేఖల చరిత్ర

దక్కన్ పీఠభూమిలోనూ తూర్పు కనుమల్లోనూ ఉన్న అడవుల్లో అత్యధిక భాగం ఆకురాల్చే అడవులే. అంటే వానాకాలమంతా పచ్చగా దట్టంగా ఉండి, మాఘ ఫాల్గుణాలు వచ్చేసరికి ఉన్న కాస్త తేమను కాపాడుకోవడం కోసం చెట్లు తమ ఆకులన్నిటినీ వదిలేసే అడవులు. టేకు, నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి రాల్చిన ఆకు నేలను పూర్తిగా కప్పేస్తుంది, వానలకు ఏపుగా పెరిగిన బోదగడ్డి అదే సమయానికి నిలువునా ఎండిపోతుంది, ఈ రెండిటి మధ్య ఎండువెదురు కంప అల్లుకుని ఉంటుంది. శివరాత్రి నాటి నుంచి తొలకరి దాకా ఈ నేల ఒక్క నిప్పురవ్వకు అంటుకునే స్థితిలో ఉంటుంది. ఉత్తర అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ వాన లేకుండా పడే పిడుగులు ఎన్నో కార్చిచ్చులకు కారణమవుతాయి గాని, భారతదేశంలో పిడుగు చాలావరకు వానతో కలిసే వస్తుంది గనుక ఇక్కడ దాదాపు ప్రతి కార్చిచ్చూ మనిషి చేతి నిప్పుతోనే మొదలవుతుంది. అందువల్ల ఈ దేశంలో కార్చిచ్చుల చరిత్ర అంటే అడవిని ఎవరు ఏ నెలలో ఏ అవసరానికి అంటించారు, ఎవరు ఆర్పారు, అంటించవద్దని ఎవరు ఎవరిని శాసించారు అన్న చరిత్రే.

ఆ శాసనాలు చాలా పాతవి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు తన పట్టాభిషేకం జరిగిన 26 ఏళ్లకు వేయించిన ఐదో స్తంభశాసనంలో, చంపకూడని జంతువుల జాబితాతో పాటు, అవసరం లేకుండా గాని జీవహింస కోసం గాని అడవులను తగలబెట్టరాదనీ, జీవాలున్న ఊకను కాల్చరాదనీ ఆజ్ఞాపించాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఇంకా కఠినమైనది. పచ్చిక బీడుకు, పంటచేనుకు, కళ్లానికి, ఇంటికి, సరకునిచ్చే అడవికి, ఏనుగుల అడవికి నిప్పు పెట్టినవాణ్ని నిప్పులోనే కాల్చాలని అది విధిస్తుంది. కలప, ఏనుగులు రాజ్య సంపద అయినప్పుడు వాటిని కాల్చడం రాజద్రోహంతో సమానమైందని ఈ విధి తెలియజేస్తోంది. అయితే అశోకుని ఆజ్ఞలో ఉన్న మినహాయింపు గమనించదగినది. అవసరానికి కాల్చడాన్ని ఆయన నిషేధించలేదు, ఎందుకంటే అడవిని కాల్చి సాగునేల చేసుకోవడం ఆనాటి వ్యవసాయానికి పునాది. మహాభారతంలోని ఖాండవదహనాన్ని ఇరావతీ కార్వే తన ‘యుగాంత’లో అడవిని కాల్చి నేలను ఆక్రమించుకున్న ఘట్టంగా చూసింది కూడా ఈ నేపథ్యంలోనే.

అవసరానికి అంటించే నిప్పుకు తెలుగు కొండసీమల్లో అందరికీ తెలిసిన రూపం పోడు. కొండవాలులో కొంత మేర చెట్లనూ పొదలనూ నరికి, ఎండాకాలంలో వాటిని ఎండనిచ్చి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిద ఎరువుగా తొలి వానలకు కొర్రలు, సామలు, జొన్నలు, కందులు చల్లి, రెండు మూడు పంటలు తీసుకున్నాక ఆ నేలను మళ్లీ అడవికి వదిలేసి వేరేచోటికి పోవడం పోడు పద్ధతి. కొండరెడ్లు, కోయలు, సవరలు తరతరాలుగా ఇలాగే బతికారు. గోదావరి నది కొండలను చీల్చుకుని వచ్చే పాపికొండల ప్రాంతంలోని కొండరెడ్ల మధ్య ఉండి వారి జీవితాన్ని పరిశీలించిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో ఈ సాగును వివరంగా నమోదు చేశాడు. పోడును తిట్టినవాళ్లు ఎక్కువగా చూడనిది ఒకటుంది. నరికి ఎండబెట్టిన కంపను కాల్చేవాడికి మంట తన గూడెం మీదికి పోకుండా చూసుకోవడం ప్రాణావసరం, అందుచేత గాలి ఎటు వీస్తోందో, అంచున ఎండుగడ్డి ఎంత ఉందో, మంటను పై నుంచి కిందికి దింపాలో కింది నుంచి పైకి పంపాలో తెలిసి ఉండడం ఆ వృత్తిలో భాగం.

మంట నడిచే తీరు తెలియకుండా ఈ చరిత్ర అర్థం కాదు. ఒక ఎండుటాకు అంటుకోవాలంటే ముందు దానిలోని తేమ ఆవిరై, ఆ తరువాత అది వేడెక్కి మండే వాయువులను విడుదల చేయాలి. పక్కనున్న మంట ఇచ్చే వేడి ఆ పనిని ఎంత వేగంగా చేస్తే కార్చిచ్చు అంత వేగంగా ముందుకు పోతుంది. గాలి మంటను ముందుకు వంచి, ఇంకా అంటుకోని గడ్డి మీదికి ఆ వేడిని తోస్తుంది. కొండవాలు కూడా అదే పని చేస్తుంది, ఎందుకంటే పైకి ఎగబాకే మంటకు ఎదురుగా ఉన్న గడ్డి మామూలు నేల మీద కన్నా మంటకు దగ్గరగా ఉంటుంది, వేడిగాలీ అటే లేస్తుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ మంట పైకెక్కే వేగం సుమారు రెట్టింపవుతుందని 1960లలో ఆస్ట్రేలియా అటవీ పరిశోధకుడు మెకార్థర్ తేల్చిన లెక్క నేటికీ ప్రపంచమంతటా అగ్నిమాపక శిక్షణలో వినిపిస్తుంది. రెండు వాలుల మధ్య ఇరుకైన లోయ పొగగొట్టంలా పనిచేసి మంటను క్షణాల్లో పైకి లాగేస్తుంది. పగలు ఎండకు వేడెక్కిన కొండ మీద గాలి పైకీ, రాత్రి చల్లబడ్డాక కిందికీ వీస్తుంది; మధ్యాహ్నం గాలిలో తేమ అడుగంటి మంట చెలరేగుతుంది, తెల్లవారుజామున మంచుకు అణగిపోతుంది. భారతదేశంలో కార్చిచ్చులు చాలావరకు నేల మీది ఆకునూ గడ్డినీ కాల్చుకుంటూ పోయే ఉపరితల మంటలే. చెట్ల కొనల నుంచి కొనలకు దూకే మంటలు హిమాలయాల్లోని చీర్ పైన్ అడవుల్లో తప్ప అరుదు. ఉపరితల మంటను మనిషి ఆపగలడు. ఆపడానికి కావలసింది దాని దారిలో కాలడానికేమీ లేని ఒక పట్టీ. ఆ పట్టీ పేరే అగ్నిరేఖ, నేటి అటవీ సిబ్బంది మాటల్లో ఫైర్ లైన్.

ఈ రేఖను రాజ్యం పనిగా మార్చినది రైలు. 1853లో తొలి రైలు నడిచాక పట్టాల కింద వేసే స్లీపర్లకు టేకు, గుగ్గిలం, దేవదారు కలప లెక్కలేనంతగా కావలసి వచ్చింది. మద్రాసు రాజధానిలో 1856లో అటవీ శాఖ ఏర్పడింది; దాని మొదటి అధిపతి హ్యూ క్లెగ్‌హార్న్ కొండల్లోని పోడు సాగును కలపకు శత్రువుగా భావించి దాన్ని అరికట్టాలని వాదించాడు. 1864లో భారత ప్రభుత్వపు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్‌గా నియమితుడైన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిచ్ బ్రాండిస్ ముందున్న ప్రశ్న ఇంకా పెద్దది: ఏటేటా కాలే అడవిలో లేతమొక్క ఎదిగి మాను కావడం ఎలా? యూరప్‌లో అటవీశాస్త్రం చదివినవాళ్లకు నిప్పు అడవికి విరోధి. మధ్య భారతంలో ఏళ్ల తరబడి పనిచేసిన ఆంగ్లేయ అధికారులకేమో అంత మేర అడవిని మంట నుంచి కాపాడడం జరిగే పని కాదు. ఈ వాదం తేలింది సాత్పురా కొండల్లోని బోరి అడవిలో. సెంట్రల్ ప్రావిన్సుల అటవీ కన్సర్వేటర్ కర్నల్ పియర్సన్ 1860ల నడిమి కాలంలో అక్కడ తొలిసారి ఒక అడవిని పద్ధతి ప్రకారం మంట నుంచి కాపాడి చూపించాడు. 1865లో రిజర్వు చేసిన బోరి ఈ దేశపు మొట్టమొదటి రిజర్వు అడవిగా పేరు పొందింది.

అగ్నిరేఖ వేయడం చూడడానికి తేలికగా కనిపించినా నేర్పు కావలసిన పని. అడవిలో గడ్డి ఇంకా సగం పచ్చిగా ఉన్నప్పుడే, అంటే పుష్యమాసం ప్రాంతంలో, వేయదలచిన పట్టీకి రెండంచులా సన్నని బాటల వెంట గడ్డిని కోసి మధ్యకు నెట్టి ఎండనిస్తారు. గాలి పడిపోయిన సాయంత్రం చూసి రెండు బాటల నడుమ ఉన్న గడ్డికి నిప్పు పెడతారు. పచ్చికొమ్మలు పట్టుకున్న మనుషులు ఇరువైపులా నడుస్తూ బాట దాటిన ప్రతి నిప్పునూ కొట్టి ఆర్పుతారు. పక్కన గడ్డి పచ్చిగా ఉండడం, రాత్రికి మంచు పడడం వాళ్లకు సహాయం. నెల ఆలస్యమైతే ఇదే పని కార్చిచ్చుకు కారణమవుతుంది. నెల ముందే చేస్తే పచ్చిగడ్డి కాలదు. రేఖ సిద్ధమయ్యాక కూడా పని అయిపోదు, ఎందుకంటే పుష్యంలో శుభ్రం చేసిన రేఖ మీద ఫాల్గుణందాకా ఆకు రాలుతూనే ఉంటుంది. ఊడ్చి ఊడ్చి ఉంచకపోతే ఆ ఆకు పరుపు మీదుగానే మంట అవతలికి నడిచిపోతుంది. ఈ కొట్టడం, కాల్చడం, ఊడ్చడం, వేసవంతా కాపలా కాయడం చేసినవాళ్లు అడవి చుట్టుపక్కల గూడేల మనుషులే. దక్కన్ అడవుల్లో రేఖ పనికి నేటికీ పచ్చికొమ్మే మొదటి ఆయుధం, ఆకు ఊదే యంత్రాలు వచ్చింది ఇటీవలే.

రేఖ ఒక్కటే ఆపలేని మంటకు మరొక ఉపాయం ఎదురుమంట. పెద్ద మంట దగ్గరపడే కొద్దీ అది తన వైపుకు గాలిని లాక్కుంటుంది. ఆ సమయంలో రేఖ అంచున నిప్పు పెడితే ఆ కొత్త మంట గాలి లాగిన వైపే, అంటే పెద్ద మంట వైపే పోయి, మధ్యనున్న గడ్డినంతా కాల్చేస్తుంది, రెండు మంటలూ కలిసేచోట తినడానికేమీ మిగలక ఆరిపోతాయి. చెప్పడానికి ఇది తేలికే గాని, ఎప్పుడు అంటించాలన్నది తప్పితే ఆర్పడానికి వచ్చినవాళ్లే రెండు మంటల మధ్య చిక్కుతారు. అనుభవం ఉన్నవాడి మాట లేకుండా ఎదురుమంట పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

బోరి విజయం తరువాత అగ్నిరక్షణ ఒక సిద్ధాంతమైంది. 1865, 1878 అటవీ చట్టాలూ, తెలుగు జిల్లాలకు వర్తించిన 1882 నాటి మద్రాసు అటవీ చట్టమూ రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరం చేశాయి. ఎన్ని చదరపు మైళ్ల అడవిని మంట నుంచి కాపాడారన్నది అధికారుల వార్షిక నివేదికల్లో ప్రతిష్ఠకు గీటురాయిగా మారింది. కాని ఆ నివేదికలు నిండుతున్నకొద్దీ అడవిలో అనుకోని మార్పులు కనిపించసాగాయి. బర్మాలోని తడి టేకు అడవుల్లో ఏళ్లపాటు నిప్పు లేకుండా కాపాడినచోట వెదురూ, ఎప్పుడూ పచ్చగా ఉండే పొదలూ దట్టంగా అల్లుకుని నేలకు వెలుగు చేరక టేకు మొక్క మొలవడమే మానేసింది. మంటకు టేకు గింజ గట్టిపెంకు పగిలి మొలక సులువవుతుంది, లేతమొక్క కాలినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది, దానికి పోటీవచ్చే మొక్కలు మాత్రం చస్తాయి. అంటే శత్రువనుకున్న నిప్పే ఇన్నాళ్లూ టేకుకు చోటిస్తూ వచ్చింది. 1896లో స్లేడ్ అనే అటవీ అధికారి ‘ఇండియన్ ఫారెస్టర్’ పత్రికలో బర్మాలో అగ్నిరక్షణ మితిమీరిందంటూ రాసిన వ్యాసం శాఖలో పెద్ద వివాదాన్ని లేపింది. పదేళ్లు గడిచేసరికి ఆ తడి టేకు అడవుల్లో అగ్నిరక్షణను క్రమంగా విడిచిపెట్టారు. బెంగాల్, అస్సాం గుగ్గిలం అడవుల్లోనూ ఇదే కథ నడిచింది. అక్కడ కుళ్లుతున్న ఆకు పొర కింద తడినేలలో గుగ్గిలం మొలకలు ఎందుకు చస్తున్నాయో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో వృక్షశాస్త్రజ్ఞుడు హోల్ పరిశోధించాడు. చలికాలం చివర, గడ్డి పూర్తిగా ఎండకముందే తక్కువ వేడితో కాల్చే ముందస్తు దహనం అప్పటినుంచి శాఖ పద్ధతుల్లోకి వచ్చింది. ఒక పెద్ద వ్యవస్థ తన నమ్మకాన్ని తానే పరీక్షించుకుని దారి మార్చుకున్న ఈ ఘట్టం భారత అటవీశాఖ చరిత్రలో గౌరవించదగినది. బాధపడవలసినదేమంటే, గూడేల్లో శతాబ్దాలుగా తెలిసిన విషయం శాఖలోని ఒకరు పత్రికలో రాసేదాకా జ్ఞానంగా లెక్కకు రాలేదు.

గూడేలతో వైరం అప్పటికే ముదిరింది. 1879లో గోదావరి ఏజెన్సీలో రేగిన రంప తిరుగుబాటుకు కల్లు గీతపై విధించిన చిగురు పన్ను, కొండ గ్రామాల పెద్దలైన ముఠాదారులపై మన్సబుదారు అనే జమీందారు దోపిడీ ముఖ్య కారణాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో మొదలై 1924 దాకా సాగిన అల్లూరి సీతారామరాజు పోరాటానికి వచ్చేసరికి పోడు మీద, అడవి హక్కుల మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ మన్యం కోపానికి కేంద్రాలయ్యాయి. నిప్పునే ఆయుధం చేసుకున్న తిరుగుబాటు మాత్రం కుమావూన్ కొండల్లో జరిగింది. అక్కడి చీర్ పైన్ చెట్లు రాల్చే సూదుల్లాంటి ఆకు గడ్డిని మొలవనివ్వదు, కాలు జారి పశువులు లోయలో పడేంత నున్నగా ఉంటుంది. అందుచేత కొండ రైతులు ఏటా దాన్ని కాల్చి కొత్త గడ్డి పెంచుకునేవారు. 1911 నుంచి 1917 దాకా జరిగిన అటవీ సెటిల్మెంట్‌లో ప్రభుత్వం అడవులను రిజర్వు చేసి, ఆ నిప్పును నిషేధించి, పైన్ చెట్ల నుంచి బంక తీసే వ్యాపారం విస్తరించింది. 1921 జనవరిలో బాగేశ్వర్ ఉత్తరాయణి జాతరలో వెట్టిచాకిరీ లెక్కపత్రాలను నదిలో కలిపిన ప్రజలు ఆ వేసవిలో అడవికి నిప్పు పెట్టారు. చరిత్రకారుడు రామచంద్ర గుహ గుర్తించినట్టు కాలినవి ప్రభుత్వం లాభం కోసం దాచుకున్న పైన్ అడవులే, పశువుల మేతకూ నీటి ఊటలకూ ఆధారమైన వెడల్పాటి ఆకుల చెట్ల అడవుల జోలికి ఎవరూ పోలేదు. ప్రభుత్వం ఫిర్యాదుల విచారణకు కమిటీ వేసి, చాలా అడవుల మీద పట్టు సడలించి, 1931లో గ్రామస్థులే అడవిని చూసుకునే వన పంచాయతీల నిబంధనలు తెచ్చింది.

అగ్నిరేఖల చరిత్రకు 1921 నాటి పాఠం చాలా స్పష్టమైనది. మంటను ఆపేది గడ్డి లేని పట్టీయే, కాని ఆ పట్టీకి కాపలా ఉండే మనిషికి అవతలి అడవిలో తన మేత, తన కట్టె, తన నీరు ఉన్నాయన్న లెక్క కలగాలి. 1927 నాటి భారత అటవీ చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని 26వ సెక్షన్‌లో శిక్షార్హం చేస్తూ, అడవిలో హక్కులున్న ప్రతి ఒక్కరూ మంటలు ఆర్పడానికి తోడ్పడాలని 79వ సెక్షన్‌లో విధించింది. హక్కులు ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ బాధ్యతను మాత్రం పూర్తిగా నిలిపి ఉంచిన ఈ ఏర్పాటు న్యాయంగానూ లేదు, ఆచరణలోనూ నిలవలేదు.

కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో జరిగినది దీనికి దగ్గరి ఉదాహరణ. అక్కడి సోలిగలు ఏటా చలికాలం చివర, ఆకు రాలిన తొలిరోజుల్లోనే, ‘తరగు బెంకి’ అనే చిన్న మంటలతో నేలనంటిన చెత్తను కాల్చేవారు. ఆ మంట మోకాలి ఎత్తు దాటదు, పెద్ద చెట్ల బెరడును తాకదు, ఉసిరి చెట్లను పట్టే బదనికను అదుపులో ఉంచుతుంది. 1974లో ఆ కొండలు అభయారణ్యమయ్యాక ఈ ఆచారానికి అడ్డుకట్ట పడింది. దక్షిణ అమెరికా నుంచి తోటల్లో అందం కోసం తెచ్చిన లాంటానా పొద ఆ ఖాళీలో మనిషెత్తు పెరిగి అడవి నేలనంతా ఆక్రమించింది. ఇప్పుడు ఎక్కడైనా నిప్పు అంటుకుంటే ఎండు లాంటానా కాడల మీదుగా మంట చెట్ల కొమ్మల దాకా ఎగబాకుతోంది, ఉసిరిని బదనిక తినేస్తోందని సోలిగలు ఏళ్లుగా చెబుతున్నారు, వారితో కలిసి పనిచేసిన పరిశోధకులూ అదే రాశారు. అయినా సోలిగల పద్ధతిని ప్రతి అడవికీ మంత్రంలా వర్తింపజేయడం సరికాదు. ఏటేటా కాలే అడవిలో మొలకలు బతకవు, నేల పట్టు తప్పి వానకు కొట్టుకుపోతుంది, చెట్ల చోట గడ్డి రాజ్యం చేస్తుంది; మనుషులు పెరిగి అడవి కుంచించుకుపోయిన ఈ కాలంలో పాత ఆచారం పాత విరామాలతో జరగడం లేదు. ప్రశ్న ఎప్పుడూ కాలం గురించీ, మోతాదు గురించీ, చేసే చేతి గురించీ.

తెలుగు నేల మీద ఆ ప్రశ్న ఇప్పపువ్వు దగ్గరా తునికాకు దగ్గరా కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు రాత్రిపూట రాల్చే మెత్తని పువ్వులు తెల్లవారేసరికి ఎండుటాకుల మధ్య కలిసిపోతాయి. ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకును కాల్చడం గోండు, కోయ, కోలాం గూడేల్లో పాత అలవాటు. ఆకును పోగుచేసి కాల్చి ఆరేదాకా అక్కడే ఉంటే ప్రమాదం లేదు, అంటించి వెళ్లిపోతే అదే కార్చిచ్చు. బీడీ పరిశ్రమకు ఆకునిచ్చే తునికి పొదలకు కొత్త చిగురు కావాలంటే వేసవి మొదట్లో కొమ్మలు కొట్టాలి. కూలి ఖర్చు లేకుండా అదే ఫలితం వస్తుందని పొదలకు నిప్పు పెట్టడం కొన్నిచోట్ల పరిపాటి. నల్లమలలో తేనె, దుంపలు, అడవి ఫలాల మీద బతికిన చెంచులు పెంటల్లో, అంటే అడవి మధ్య చిన్న ఆవాసాల్లో ఉండేవారు గనుక మంట వాళ్ల ఇళ్ల ముందుకే వచ్చేది. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరి, 2014 విభజన తరువాత రెండు రాష్ట్రాల మధ్య పంచబడిన ఆ అడవిలో బేస్ క్యాంపుల్లో కాపలా ఉండేదీ, వేసవిలో ఫైర్ వాచర్లుగా రేఖలు ఊడ్చేదీ, పొగను బట్టి మంట ఏ కొండ వెనక ఉందో, ఏ దారిన పోతే ముందుకు చేరవచ్చో చెప్పేదీ చాలాచోట్ల చెంచులే. వందేళ్ల కిందట చట్టం ఎవరిని అడవికి ప్రమాదమని అనుకుందో వారి కాళ్ల మీదే ఇవాళ దాని రక్షణ నిలబడి ఉంది.

2004 నుంచి ఉపగ్రహాలు కూడా కాపలాలో చేరాయి. 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ, టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం గుర్తించిన వేడి బిందువులను రాష్ట్రాలకు పంపడం మొదలుపెట్టింది. మోడిస్ ఒక కిలోమీటరు గడిని ఒక బిందువుగా చూస్తే, తరువాత వచ్చిన విర్స్ పరికరం 375 మీటర్ల గడిని చూడగలుగుతోంది. బీట్ అధికారి ఫోనుకు అక్షాంశ రేఖాంశాలతో సందేశం వస్తుంది. దేశంలోని అడవిలో మూడో వంతుకు పైగా తరచు మంటల బారిన పడే అవకాశం ఉందని ఆ సంస్థ 2019 నివేదికలో అంచనా వేసింది. ఈ ఏర్పాటు విలువ కాదనలేనిది, కాని ఉపగ్రహం ఆ చోటు మీదుగా రోజుకు కొన్నిసార్లే పోతుంది, చెట్ల నీడన పాకే చిన్న మంటను చూడలేదు, సందేశం అందాక కూడా అక్కడికి నడిచి పోవలసింది మనిషే. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో తిరుమల సమీపాన మంటలు చెలరేగినప్పుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పించవలసి వచ్చింది. ఎర్రచందనానికి పుట్టిల్లయిన ఆ నిటారు రాతికొండల్లో నేల మీది మనుషులు చేరలేని వాలులు ఎక్కువ, యాత్రికుల రద్దీ ఏడాది పొడవునా ఉంటుంది. అటువంటి చోట రేఖల అవసరం మైదానపు అడవుల్లో కన్నా ఎన్నో రెట్లు.

యాత్రికులూ పర్యాటకులూ అడవిలోకి రావడం పెరిగినకొద్దీ మంటలో చిక్కుకునేవారిలో అడవి తెలియనివాళ్లు ఎక్కువయ్యారు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో, కొలుక్కుమలై వైపు నుంచి దిగుతున్న ట్రెక్కింగ్ బృందాలు మధ్యాహ్నం వేళ ఎండుగడ్డి వాలు మీద మంటకు చిక్కి ఇరవైమందికి పైగా మరణించారు. ఎండుగడ్డి, నిటారు వాలు, మధ్యాహ్నపు గాలి మూడూ ఒకేచోట కలిసిన ఆ వాలు మీద మంట మనిషి పరుగును మించిపోతుంది, పొగలో దిక్కు తెలియక పరిగెత్తినవాళ్లు లోయలో పడ్డారు. ఆ తరువాత తమిళనాడు ట్రెక్కింగ్‌కు నిబంధనలు తెచ్చి, అగ్నికాలంలో అనుమతులు నిలిపివేసే పద్ధతి పెట్టింది. మంటకు ముందుగా కొండ పైకి పరిగెత్తకూడదనీ, పక్కకు గాని అప్పటికే కాలిపోయిన నల్లని నేల మీదికి గాని పోవాలనీ, ఇరుకు లోయల్లోకి దిగకూడదనీ, బట్టబయలు రాతిపరుపు, ఇసుక వాగు, మట్టిరోడ్డు ఆశ్రయాలనీ, కరిగి ఒంటికి అంటుకునే నైలాన్, పాలియెస్టర్ దుస్తులకు బదులు నూలు బట్ట వేసుకుని తడిగుడ్డ ముఖానికి కట్టుకుని నేలకు దగ్గరగా ఉండాలనీ కొండ గూడేల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మాన్ గల్చ్ లోయలో పదముగ్గురిని బలిగొన్న మంట నుంచి వాగ్నర్ డాడ్జ్ అనే అగ్నిమాపక దళనాయకుడు తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, అది కాల్చి వదిలిన బూడిదలో బోర్లా పడుకుని బతికిన సంగతి అగ్నిమాపక చరిత్రలో ప్రసిద్ధం. తనతో రమ్మని అతడు పిలిచినా ఆ చర్య అర్థంకాక మిగిలినవాళ్లు పరిగెత్తారు.

మంటను ఆర్పేవారికి మాత్రం ఈ జాగ్రత్తలు చాలవు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంటలు ఆర్పడానికి వెళ్లిన అటవీ సిబ్బంది వాటికే బలయ్యారు. మృతుల్లో రోజుకూలి మీద పనిచేసేవారూ ఉన్నారు. దేశవ్యాప్తంగా ఫైర్ వాచర్లు ఏటా కొన్ని నెలల కోసం తీసుకునే తాత్కాలిక కూలీలు, మంటకు తట్టుకునే దుస్తులూ బూట్లూ చాలామందికి అందవు, రేఖలు ఊడ్చే పనికి నిధులు చలికాలం దాటాక విడుదలైతే పుష్యంలో జరగవలసిన ముందస్తు దహనం మాఘం దాటి, ఆపైన పూర్తిగా మానివేయవలసి వస్తుంది. పియర్సన్ కాలంలోనూ ఇప్పుడూ రేఖ విలువ అది ఏ వారంలో సిద్ధమైందన్న దాని మీదే ఉంది. ఆకు రాలడం బడ్జెట్ సంవత్సరం కోసం ఆగదు గనుక, ఫైర్ వాచర్ల నియామకం, కూలి, పనిముట్లు కార్తీకం నాటికే గూడేలకు చేరే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోని నల్లమల, శేషాచలం, ఆదిలాబాద్ అడవులకు ఉపగ్రహ సందేశాల కన్నా ముందు కావలసినది.